‘ఏమీ లేదు’ అన్న పద్నాలుగు మంది

మీ పని బాగుంది అని చెప్పేవాడు మీ శత్రువు! వాడి గడప మళ్ళీ తొక్కకండి.

ఈ మాట నోటికొచ్చి అనడం లేదు. ఇరవై రెండేళ్లుగా ఈ పేజీలో ఈ మూలనే కూర్చుని రాస్తున్నవాణ్ణి. ‘మీ వ్యాసం అద్భుతం’ అని ఉత్తరం రాసిన పాఠకుల వల్ల నాకు ఆవగింజంత ఉపకారం జరగలేదు. అదే, ‘మూడో పేరాలో నిద్ర పట్టేసింది’ అని రాసిన ఒక పెద్దమనిషి వల్ల నేను మూడో పేరా రాయడమే మానేశాను. రెండో పేరా అవగానే నేరుగా నాలుగోది మొదలుపెడతాను.

ఇదిగో, ఇది నాలుగోది. హాయిగా లేదూ?

కనుక నా వాదన ఏమిటంటే, ఫీడ్‌బ్యాక్ అనేది ఈ కాలానికి దక్కిన మహా వరం. ఎక్కడికెళ్ళినా మన అభిప్రాయం అడిగేవాళ్ళే! మొన్న పన్ను పీకించుకున్నాను. నోట్లో దూది ఇంకా తీయలేదు, ‘మా సేవ ఎలా ఉందండీ?’ అని ఆసుపత్రి నుంచి ఫోను. ‘బ్బ బ్బ బ్బ’ అన్నాను. ‘చాలా సంతోషమండీ’ అని పెట్టేసింది ఆ అమ్మాయి. నా అభిప్రాయం ఏదో ఒక గడిలో భద్రంగా చేరే ఉంటుంది. మా తాతల కాలంలో పన్ను పీకితే ఎవరడిగారండీ?

అయితే ఈ వరం పూర్తి మహిమ తెలియాలంటే మా మేనకోడలి మ్యూజిక్ వీడియో సంగతి చెప్పాలి.

మా అక్క బట్టలు కుడుతుంది. ఇంట్లో ముందు గదే షాపు. స్కూలు యూనిఫారాలు, తెగిపోయిన జిప్పులు, పొడుగైపోయిన ప్యాంట్లు, అన్నీ అక్కడికే వస్తాయి. మిషను కాలితో తొక్కేది. మోటారు పెట్టిస్తానని నేను ఎన్నిసార్లు అన్నానో! ‘‘మోటారుకి ఆగడం తెలీదురా, నా కాలికి తెలుసు’’ అంటుంది. అక్క కూతురు కాలేజీలో వీడియోలు తీసే చదువు చదువుతోంది. ఆఖరి సంవత్సరం. ఒక పాట కట్టి, దానికి మ్యూజిక్ వీడియో తీయడం వాళ్ళ ప్రాజెక్టు.

మా పిల్ల డ్రమ్ముల కోసం ఎక్కడికీ వెళ్ళలేదు. రెండు వారాలు వాళ్ళమ్మ పక్కన ఫోను పట్టుకుని కూర్చుంది. మిషను చప్పుడే పాటకి తాళం. నిలువు కుట్టు దగ్గర టకటకటకా పరుగెడుతుంది, మెడ వంపు దగ్గర టక్... టక్... అని నెమ్మదిస్తుంది. వీడియో మొత్తం మూడు నిమిషాల నలభై సెకన్లు. సరిగ్గా రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర దారం తెగుతుంది. అంతా ఆగిపోతుంది. మూడు సెకన్లు ఏ చప్పుడూ ఉండదు. అక్క దారం కొస నోట్లో పెట్టి తడిపి, ఒక కన్ను మూసి, సూదిలోకి ఎక్కిస్తుంది. అప్పుడు మా పిల్ల గొంతు వినిపిస్తుంది:

తెగిన చోటే ముడివెయ్యి
మళ్ళీ అక్కడే మొదలెయ్యి

అని. మిషను మళ్ళీ అందుకుంటుంది.

ఆ వీడియో మొట్టమొదట చూసిన ప్రేక్షకుణ్ణి నేనే. చూశాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. ‘‘బాగుందే అమ్మాయ్... గానీ...’’ అన్నాను.

గానీ తర్వాత ఏం చెప్పాలో నాకూ తెలీదు! కానీ ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్నవాడు వట్టి ‘బాగుంది’ దగ్గర ఆగితే పరువేముంటుంది? అద్దాలు ఇంకో రెండుసార్లు తుడిచి, ‘‘ఆ మిషను చప్పుడు కాస్త తగ్గించి చూడు’’ అన్నాను. మా పిల్ల పుస్తకంలో రాసుకుంది.

ఇక కాలేజీవారి దూరదృష్టి చూడండి. ప్రాజెక్టుకి యాభై మార్కులు. అందులో వీడియోకి పది. ప్రేక్షకుల అభిప్రాయం తీసుకుని దాన్ని మెరుగుపరిచినందుకు నలభై! ‘‘మార్పు చూపిస్తేనే మార్కు’’ అన్నారు వాళ్ళ ప్రాజెక్టు మాస్టారు. ఎంత న్యాయమైన మాట! ముందే బాగా తీసినవాళ్ళు ఇక మెరుగుపడేదేముంది, వాళ్ళకెందుకివ్వాలి? మా పిల్ల క్లాసులో ఒక బుద్ధిమంతుడు మొదటిసారి వీడియో తలకిందులుగా తీశాడు. ‘తలకిందులుగా ఉంది’ అని ముప్పై మంది రాశారు. తిప్పి పెట్టాడు. నలభైకి నలభై.

అభిప్రాయాల ఫారంలో రెండే ప్రశ్నలు. ‘నచ్చింది ఏమిటి?’ అన్నదానికి ఇష్టమైతే రాయొచ్చు, లేకపోతే లేదు. ‘నచ్చనిది ఏమిటి?’ అన్నదాని పక్కన మాత్రం ఎర్ర చుక్క ఉంది. చుక్క ఉన్న గడి నింపకపోతే ఫారం అంగుళం కూడా కదలదు. అంటే, మెచ్చుకోవడం మీ ఇష్టం, వంక పెట్టడం మీ బాధ్యత!

ముప్పై మందికి చూపించాలి. నేనూ మా పిల్లా వీధిలో పడ్డాం. మందుల షాపు ఆయన చీటీల మధ్యలోనే చూసి, ‘మధ్యలో మూడు సెకన్లు సౌండు పోయింది, చెక్ చేసుకోండి’ అని రాశాడు. ఎదురింటావిడ ‘వెనక గోడ పెచ్చులు ఊడిపోయాయి, రంగు వేసిన ఇల్లు ఏదైనా చూసుకోవాల్సింది’ అంది. రంగు వేసిన ఇల్లు వాళ్ళదే. జిమ్ కోచ్ అయితే సగంలోనే ఫోను తిరిగిచ్చేసి, ‘‘కూర్చునే ఉన్నారేంటి మేడమ్? ఎనర్జీ ఏదీ?’’ అన్నాడు.

కొరియర్ తెచ్చే అతను మాత్రం బండి స్టాండు వేసి రెండుసార్లు చూశాడు. ‘‘మా అమ్మ కూడా ఇలాగే దారం తడిపేదండి’’ అన్నాడు. ఆ మాట ఏ గడిలోనూ రాయలేదు, పార్సిళ్ళు చాలా ఉన్నాయి మరి. ఎర్ర చుక్క అడ్డం పడేసరికి, ‘నచ్చనిది ఏమిటి?’ కింద ‘ఏమీ లేదు’ అని కొట్టి వెళ్ళిపోయాడు.

అలా పద్నాలుగు మంది ‘ఏమీ లేదు’ అనే రాశారు.

కంప్యూటరు వాటన్నిటినీ పోగేసి రంగురంగుల గుండ్రటి బొమ్మ గీసి ఇచ్చింది. అందులో అన్నిటికంటే పెద్ద ముక్క మీద ‘ఏమీ లేదు – 14’ అని ఉంది. బొమ్మ పైన ప్రశ్న రాయడం మా పిల్ల మరిచిపోయింది. మాస్టారు ఆ బొమ్మని ఎగాదిగా చూశారు.

‘‘చూశావా అమ్మా? సగం మంది వీడియోలో ఏమీ లేదంటున్నారు.’’

‘‘అది కాదు సార్! నచ్చనిది ఏమీ లేదని...’’

‘‘ప్రేక్షకులతో వాదించకూడదు. ఏమీ లేదన్నారు కదా, ఏదో ఒకటి పెట్టు.’’

మహానుభావుడు! మెచ్చుకున్నవాళ్ళనే మొదటి ఫిర్యాదుదారులుగా నిలబెట్టడం ఎంతమందికి చేతనవుతుంది? పాపం కొరియర్ అతను, తన వల్ల ఒక కళాఖండం మెరుగుపడబోతోందని తెలియక ఏ వీధిలో బెల్లు కొడుతున్నాడో!

మెరుగుదల మొదలైంది. ముందుగా నా సలహా ప్రకారం మిషను చప్పుడు తగ్గింది. తగ్గిన చోట బోసిగా ఉందని డ్రమ్ములొచ్చాయి. మందుల షాపు ఆయన కోసం ఆ మూడు సెకన్లలో ఈల వేయించారు. గోడ కనిపించకుండా పొగ వదిలారు. పొగలో మా అక్క కనిపించడం లేదని అక్క ఉన్న భాగం కాస్త కోశారు. ఎనర్జీ కోసం జిమ్ కోచ్ తన శిష్యుల్ని ఎనిమిది మందిని పంపాడు, నల్ల ప్యాంట్లు వేసుకుని వాళ్ళు ఎగిరారు. వాళ్ళకి చోటు కావాలి కదా, ఇంకాస్త కోశారు. ఏదో ఒకటి పెట్టమన్నారని పైనుంచి డ్రోనుతో ఊరంతా చూపించారు. దానికీ చోటు కావాలి. ఎవరూ పెద్ద తప్పేమీ చెయ్యలేదండీ, తలా ఒక చిన్న మాట అన్నారంతే. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం!

రెండున్నర నిమిషాలున్న అక్క నలభై సెకన్లయింది. నలభై కాస్తా నాలుగయింది. ఆ నాలుగు సెకన్ల దగ్గర మా పిల్ల చెయ్యి ఆగిపోయింది. నన్ను పిలిచి అడిగింది.

‘‘మామయ్యా, అమ్మని కూడా తీసేస్తే ఇంక ఈ పాట ఎవరిది?’’

‘‘ప్రేక్షకులది!’’ అన్నాను.

ఎంత గంభీరంగా అన్నానో! ఈ వాక్యం దాచుకుని ఎప్పుడైనా వ్యాసంలో వాడుకోవాలని కూడా అనుకున్నాను. ఇదిగో, వాడుకున్నాను. ఆ నాలుగు సెకన్లూ పోయాయి.

కాలేజీ హాల్లో ప్రదర్శన పెట్టారు. మా అక్కకి అంతవరకు వీడియో చూపించలేదు, తెర మీద చూసి ఆశ్చర్యపోవాలని మా పిల్ల దాచింది. అక్క మాత్రం దాచుకోలేకపోయింది. యూనిఫారం కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి తల్లితోనూ ‘‘మా పిల్ల నా మిషను మీద పాట కట్టిందండీ’’ అని చెప్పింది. ఆ మధ్యాహ్నం షాపు మూసేసి, పొద్దుటే ఇస్త్రీ చేసుకున్న బట్టలు కట్టుకుని, ముందు వరసలో కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

లైట్లు ఆరాయి. డ్రోను లేచింది. పొగ వచ్చింది. ఎనిమిది మంది ఎగిరారు. అక్క కాస్త ముందుకి వంగింది. ఈల పడింది. ఇంకా ముందుకి వంగింది.

‘‘ఇది వేరే వాళ్ళదేమో, మనది తర్వాత కదరా?’’ అంది నా చెవిలో.

నేను ప్రేక్షకుణ్ణి కదా, తెర వైపే చూశాను. చివర్లో మా పిల్ల పేరు పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కూడా కొట్టింది, కాస్త ఆలస్యంగా.

వెంటనే చేతికి ఫారం వచ్చింది. ఈసారి కాగితం మీద. ‘నచ్చనిది ఏమిటి?’ దాని పక్కన అదే ఎర్ర చుక్క. అక్క నా పెన్ను తీసుకుంది. కొలతలు రాసే అలవాటు కొద్దీ గుండ్రంగా, విడివిడిగా రెండు ముక్కలు రాసి ఇచ్చింది.

‘ఏమీ లేదు.’

మాస్టారు ఆ కాగితం పట్టుకుని పొంగిపోయారు. ‘‘చూశారా! మొదట వీడియోలో ఏమీ లేదన్నారు. ఇప్పుడు నచ్చనిది ఏమీ లేదంటున్నారు. మెరుగుదల అంటే ఇదీ!’’ అని అందరికీ ఎత్తి చూపించారు. నలభైకి ముప్పై తొమ్మిది. ఆ ఒక్కటీ ఇంకా మెరుగుపడే అవకాశం కోసం ఉంచారట.

బయటికొచ్చి బస్‌స్టాపులో నిలబడ్డాం. నేను ఉండబట్టలేక అడిగాను.

‘‘అక్కా, నువ్వు రాసిన ‘ఏమీ లేదు’ ఏ ‘ఏమీ లేదు’?’’

అక్క రోడ్డు వైపు చూస్తూ, ‘‘ఆ ఎనిమిది మందికీ ప్యాంట్లు పొడుగురా. నన్నడిగితే అంచులు మడిచిచ్చేదాన్ని’’ అంది.

మా పిల్ల ఏడ్చేసింది. ‘‘అమ్మా, ముందు నువ్వున్నావే అందులో!’’

‘‘మరి ఎక్కడికి పోయానే?’’

ముప్పై మంది ప్రేక్షకులు, ఒక మాస్టారు, ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న నేను. ఇంతమందిమి చెయ్యి వేశాం. ఎర్ర చుక్క ఉన్నా సరే, అక్క ప్రశ్న కింది గడి ఖాళీగానే ఉండిపోయింది.

మా పిల్ల ముక్కు తుడుచుకుని, ఫోనులో పాత వీడియో తీసి వాళ్ళమ్మ చేతిలో పెట్టింది. ఎవరి అభిప్రాయమూ తగలనిది. బస్సు వచ్చింది. మేమెవరమూ ఎక్కలేదు. రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర అంతా ఆగింది. ఆ మూడు సెకన్లూ అక్క ఊపిరి పీల్చలేదు. దారం సూదిలోకి ఎక్కాకే పీల్చింది. చివరిదాకా చూసి, ఫోను కూతురికి తిరిగిచ్చింది.

‘‘బాగుంది’’ అంది.

నేను ‘గానీ’ కోసం చూశాను. రాలేదు.

అయినా పాఠకులారా, నా సిద్ధాంతం మారలేదు. ఫీడ్‌బ్యాక్ మహా వరమే! అందుకే ఈ వ్యాసం అచ్చుకి పంపే ముందు మా మేనకోడలికి చూపించాను. చదివి కాగితాలు నా ఒళ్ళో పడేసింది.

‘‘బాగుంది మామయ్యా, గానీ...’’

‘‘ఊఁ, చెప్పు.’’

‘‘మాస్టారి మీద అంత రాశావు, మందుల షాపు ఆయన్నీ వదల్లేదు. అందరికంటే ముందు వంక పెట్టింది నువ్వు. అది తెలివిగా మధ్యలో ఎక్కడో దాచేశావు. చివర్లో పెట్టు.’’

ప్రేక్షకులతో వాదించకూడదు. చివర్లోనే పెడుతున్నాను. ఆ రోజు నేను కళ్ళద్దాలు తుడుచుకున్నది దుమ్ము పడి కాదు. వీడియోలో మా అక్కని చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, మిషను చప్పుడు తగ్గించమన్నాను.