మామూలు మనిషి అని ఒక్క మాట

నిషిహారా నాలుగో పేటలో ఒతాకులు ఎవరూ లేరని మా పేట సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం అయ్యాక, ఒకవేళ ఉంటే ఎవరై ఉంటారో కనుక్కోవడానికి ఒక ఉపసంఘం వేసింది. అధ్యక్షులు కనమారు గారు, ఉపాధ్యక్షురాలు నగుమో గారు, చెత్త విభాగం బాధ్యుడిగా నేను అందులో సభ్యులం. రైల్వేలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం నుంచి రిటైరైనప్పటి నుంచి పేటకు నా సేవలు ఈ రూపంలో అందుతున్నాయి.

ఆ మాట సంగతి ముందు చెప్పాలి. ఒతాకు అంటే 'మీ ఇల్లు' అని. ఎదుటివారిని పేరు పెట్టి పిలవడం బాగుండదనుకున్నప్పుడు, 'తమరు' అన్నంత మర్యాదగా వాడే మాట. బొమ్మల సినిమాల పిచ్చిలో పడ్డ కుర్రాళ్లు ఒకరినొకరు ఇంత మర్యాదగా పిలుచుకుంటున్నారని కనిపెట్టి, ఎవరో పత్రికలో వెక్కిరిస్తూ రాశారు. అంతటితో మర్యాద పోయి మాట మిగిలింది. తర్వాత ఎక్కడో ఒక ఘోరం జరిగింది. చేసినవాడి గదిలో వీడియో క్యాసెట్లు దొరికాయి. ఇక టీవీలు ఆ మాటను పొద్దున్నా సాయంత్రం పలకడం మొదలుపెట్టాయి. ఆ గదిలో బియ్యం డబ్బా కూడా ఉండే ఉంటుంది. అన్నం తినేవాళ్లను మాత్రం ఎవరూ అనుమానించలేదు.

మా పేటవాళ్లు బుద్ధిమంతులు. అప్పటిదాకా పక్కింటావిడను నిండు నోటితో 'ఒతాకు' అని పలకరించే నగుమో గారు మర్నాటి నుంచి 'ఏమండీ'కి మారిపోయారు.

పేటలో అనుమానించదగ్గ మనిషి ఒక్కరే కనిపించారు. సుగినోకి అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉండే షిమోజో నోబుయుకి గారు. ముప్పై దాటి చాలాకాలమైనా పెళ్లి కాలేదు. దంత వైద్యులకు కట్టుడు పళ్లు తయారుచేసి ఇచ్చే పని. మా అధ్యక్షుల నోట్లో పై వరస ఆయన చేతి చలవే. ఎదురైతే తల వంచి పలకరిస్తాడు, చెత్త వేళకు తెచ్చి పెడతాడు, రేడియో గట్టిగా పెట్టడు. నేరస్థుల ఇరుగుపొరుగు టీవీలో చెప్పేవి సరిగ్గా ఈ మూడే కాబట్టి మా అనుమానం బలపడింది.

అలాంటి సమయంలో ఆయనే మా ఇంటికి వచ్చాడు. చేతిలో స్వీట్ల పెట్టె, మొహం నిండా మొహమాటం.

"కానాయె గారని, పూలకొట్టులో పనిచేస్తారండీ. మేమిద్దరం పెళ్లి చేసుకుందామనుకుంటున్నాం. వాళ్ల నాన్నగారు ఈ నెల్లోనే వచ్చి నా గురించి చుట్టుపక్కల వాకబు చేస్తారట."

"చెయ్యాలి మరి. మా అమ్మాయి పెళ్లప్పుడు నేను అబ్బాయి వాళ్ల వీధిలో చేపల కొట్టువాణ్ణి కూడా వదల్లేదు."

"మీరు నన్ను పొగడక్కర్లేదండీ. మామూలు మనిషే అని ఒక్క మాట చెప్తే చాలు."

"నా ఒక్కడి చేతిలో ఏముంది బాబూ. ఉపసంఘంలో పెట్టాలి" అన్నాను. స్వీట్లు మాత్రం ఉపసంఘంలో పెట్టలేదు.

న్యాయంగా విచారించాలంటే ముందు నిర్వచనం కావాలి కదా. ఒకే రకం వస్తువులను ఇంటినిండా పోగేసేవాడు ఒతాకు అని నగుమో గారు ప్రతిపాదించారు. అధ్యక్షుల ఇంట్లో మరుగుజ్జు చెట్ల కుండీలు వాకిలి నుంచి వంటింటి దాకా ఉన్నాయి. వచ్చినవాళ్లు పక్కకు తిరిగి నడవాలి. వర్షం వస్తే ఆయన ముందు కుండీలను లోపలికి తెచ్చి, ఆ తర్వాత భార్యకు తలుపు తీస్తారు. అది సంస్కారం కాబట్టి ఆ నిర్వచనం వీగిపోయింది. పనికిరాని దాని వెంట డబ్బూ కాలమూ తగలేసేవాడు అని అధ్యక్షులు సవరించారు. నగుమో గారు ఒక గాయకుడి కచేరీల కోసం ఆ చివర హొక్కైదో నుంచి ఈ చివర కగోషిమా దాకా తిరిగారు. ఆయన పాత చెప్పులు ఒక జత పట్టుగుడ్డలో చుట్టి దాచుకున్నారు. అది కళాభిమానం. గదిలో తలుపేసుకుని లోకాన్ని దొంగచూపులు చూసేవాడు అని నేను అన్నాను. నా దుర్భిణీ సంగతి ఎవరూ ఎత్తకముందే, దాన్ని పేట భద్రత కింద జమ కట్టుకున్నాం.

చివరికి అందరికీ నచ్చిన నిర్వచనం ఒకటి దొరికింది. పేటలో మిగతా అందరూ ఎవరిని ఒతాకు అంటారో వాడే ఒతాకు. ఇందులో మా ముగ్గురిలో ఎవరూ పడరు.

నిర్వచనం కుదిరినా సాక్ష్యం లేదు. ఆ కొరత షిమోజో గారే తీర్చాడు. చెత్తను లోపలిది కనిపించే సంచుల్లోనే పెట్టాలని కార్పొరేషన్ ఉత్తర్వు ఇచ్చిన ఏడాది అది. అంతకుముందు నల్ల సంచులుండేవి. మా విభాగం చీకట్లో తడుముకుంటూ పనిచేసేది. కాల్చడానికి వీల్లేని చెత్తను ఎత్తే రోజున తెల్లారేసరికి ఆయన సంచులు వరసగా నిలబడి ఉన్నాయి. ముడి చూస్తే సంచి ఎవరిదో చెప్పగలను నేను. లోపల ఆయన తన చేత్తో పోతపోసి, రంగులు వేసిన బొమ్మలు. పళ్లు చేసే చేతులతోనే చేసినవి. మర యోధులు, కత్తి పట్టిన అమ్మాయిలు, రెక్కల గుర్రాలు. పెళ్లి కోసం అన్నీ వదిలించుకుంటున్నాడని అర్థమైంది.

అందులో తప్పు పట్టడానికి చోటు లేకపోవడమే మాకు తప్పుగా తోచింది. లోహాన్ని ప్లాస్టిక్ నుంచి విడదీశాడు. ఒక్కో ముక్కను విడిగా కాగితంలో చుట్టాడు. 'లోపల తీగ ఉంది, చెయ్యి జాగ్రత్త' అని చెత్త బండివాళ్ల కోసం చక్కటి అక్షరాలతో రాశాడు. మేం ముగ్గురం సంచులను సంఘం హాలుకు మోయించి, బల్ల మీద పరిచి చాలాసేపు చూశాం.

"మామూలు మనిషి చెత్తను ఇంత ప్రేమగా పారేస్తాడా?" అని అడిగారు అధ్యక్షులు.

విచారణ అక్కడితో పూర్తయింది.

కానాయె గారి తండ్రి ఉకాయ్ గారు ఆదివారం వచ్చారు. హాల్లోనే టీ ఇచ్చి కూర్చోబెట్టాం.

"తాగుతాడా?" అని అడిగారాయన.

"చుక్క ముట్టడు" అన్నారు నగుమో గారు.

"పేకాట, గుర్రప్పందేలు?"

"అబ్బే."

"ఆడవాళ్ల గొడవలు?"

"అలాంటివేం లేవండీ."

"మరి మీ ముగ్గురి మొహాలు అలా ఉన్నాయేంటి?"

అధ్యక్షులు గొంతు తగ్గించి ఆ మాట చెప్పి, బల్ల వైపు చూపించారు. ఉకాయ్ గారు టీ కప్పు కింద పెట్టేశారు.

"తాగుబోతైతే ఎలాగో సర్దుకునేవాళ్లం" అన్నారు. "మా బావ రోజూ తాగొచ్చి మా అక్కను కొట్టేవాడు. అయినా మనిషి మామూలోడే. నలుగురిలో కూర్చోబెట్టొచ్చు."

సంబంధం ఆ పూటే తప్పింది. రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయే హాలుకు వచ్చింది. బల్ల మీద నీలం అంగీతో, కుడి చెయ్యి పైకెత్తి ఉన్న చిన్న ఆడపిల్ల బొమ్మ మీద చూపు నిలిపి, "ఇవన్నీ ఎందుకు పారేశారాయన?" అని నన్ను అడిగింది.

"మీ కోసమేనమ్మా."

"నేను పారెయ్యమనలేదే. ఈ అంగీ రంగు నేనే చెప్పాను. మా కొట్టులో ఐరిస్ పూలు చూపించి."

నేను రూల్ చెప్పాను. సాక్ష్యంగా తీసుకున్న వస్తువులు తిరిగి ఇవ్వబడవు. ఆ అమ్మాయి బొమ్మకు దండం పెట్టినట్టు తల వంచి వెళ్లిపోయింది. మరుసటి నెలకల్లా షిమోజో గారు ఇల్లు ఖాళీ చేశాడు. వెళ్లే ముందు గుమ్మం కడిగి, మా మూడిళ్లకూ తువ్వాళ్లు పంచాడు. అంత మర్యాద చూశాక మాకు అనుమానమేమీ మిగల్లేదు.

తర్వాత పన్నెండేళ్లకు ఒక వింత జరిగింది. విదేశీయులు మన బొమ్మల కోసం విమానాలెక్కి వస్తున్నారని, ఒతాకులు దేశానికి దొరికిన పెన్నిధి అని ప్రభుత్వం కనిపెట్టింది. గ్రాంటులు ప్రకటించింది. ఆ సాక్ష్యాలను పడేసిన హాలు అటక అధ్యక్షులకు గుర్తొచ్చింది. తాడు కట్టి దించిన పెట్టెలకు దుమ్ము దులిపి, తెల్ల చేతితొడుగులు వేసుకుని, విడివిడిగా ఉన్న ముక్కలను, అటక మీద ఊడిపోయినవాటిని మేం ముగ్గురమే జిగురుతో అతికించాం. 'నిషిహారా నాలుగో పేట ఒతాకు సంస్కృతి మందిరం' తెరుచుకుంది. 'ఒతాకు మహాశయులకు స్వాగతం' అని వాకిట్లో బ్యానర్ కట్టాం. నగుమో గారు మళ్లీ పక్కింటావిడను నిండు నోటితో 'ఒతాకు' అని పిలవసాగారు.

"కళాకారుణ్ణి కడుపులో పెట్టుకుని చూసుకునే పేట మనది" అని అధ్యక్షులు ప్రారంభోపన్యాసం చేశారు. "లోకమంతా వేలెత్తి చూపిన రోజుల్లో ఈ బొమ్మలను చెత్తబండి కింద పడకుండా కాపాడింది ఎవరు? మనం." చప్పట్లకు చిరునవ్వు నవ్వారు. పై వరస ఇప్పటికీ తళతళలాడుతోంది.

మొన్న వేసవిలో తల నెరిసిన ఒకాయన వచ్చి నా దగ్గర టికెట్ కొనుక్కున్నాడు. చిల్లర తీసుకుంటూ తల వంచాడు. ఆ వంపును బట్టే పోల్చుకున్నాను. లోపలికి వెళ్లి నీలం అంగీ బొమ్మ ముందు నిలబడిపోయాడు. అద్దానికి మొహం ఆనుతుంటే గీత దాటవద్దని నేను గుర్తుచెయ్యాల్సి వచ్చింది.

"క్షమించండి" అన్నాడు. "ఆ చెయ్యి తిరగేసి అతికించారండీ. ఆ అమ్మాయి పిలుస్తూ ఉండాలి. ఇప్పుడు పొమ్మంటున్నట్టుంది."

"మీ సూచన ఉపసంఘంలో పెడతాం" అన్నాను.

మెడలో కెమెరాలు వేసుకుని ఒసాకా నుంచి వచ్చిన కుర్రాళ్లు నలుగురు ఆయన్నే చూస్తున్నారు. వాళ్ల కళ్లలో ఎంత గౌరవమో. ఒకడు నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"ఆయన చాలా పెద్ద ఒతాకు అయ్యుంటారు కదండీ?"

నా బాధ్యత నాకు తెలుసు. ప్రభుత్వ గ్రాంటుతో నడిచే మందిరంలో తప్పుడు సమాచారం ఇవ్వకూడదు. ఆయన దగ్గర ఇప్పుడు ఒక్క బొమ్మ కూడా లేదు. అన్నీ మా దగ్గరే ఉన్నాయి.

"కాదు బాబూ" అన్నాను, ఆయనకు కూడా వినబడేటట్టు. "ఆయన మామూలు మనిషే."

కుర్రాళ్లు మొహం చిన్నబుచ్చుకుని అవతలి గదిలోకి వెళ్లిపోయారు. షిమోజో గారు నా వైపు తిరిగి, అలవాటు ప్రకారం నడుము వంచి దండం పెట్టాడు. అన్నేళ్ల కిందట ఆయన స్వీట్లు పట్టుకొచ్చి అడిగిన మాటే అది. ఇవ్వలేదన్న నింద మా పేట మీద ఇక ఉండదు.