సరి నిమిషం సినిమా, బేసి నిమిషం సాహిత్యం

"ఇంగ్లీషు సాహిత్యానికి మూడేళ్లు, సినిమాకి మూడేళ్లు అంటే చదివేవాడు ముసలాడైపోడూ? ఈ ఏడాది నుంచి రెండూ కలిపి మూడేళ్లలో చదివించేస్తాం!" అని విద్యామంత్రిగారు యూనివర్సిటీ మెట్లమీద నిలబడి గర్జించారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇంతటి ఆలోచన ఇదివరకు ఎక్కడా ఎవరికీ తట్టలేదంటే, వాళ్లకి మంత్రులు లేక కాదు, మా మంత్రిగారు లేక.

నా సంగతి రెండు ముక్కలు. చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. ముప్ఫై ఏళ్లు సినిమాహాల్లో టార్చిలైటు పట్టుకుని, ఆలస్యంగా వచ్చినవాళ్లకి సీట్లు చూపించాను. నేను టార్చి కొడితే తెరమీద విలన్ కూడా పక్కకి జరిగి దారిచ్చేవాడు. నమ్మకపోతే మీ ఇష్టం. హాలు మూతపడ్డాక యూనివర్సిటీలో అటెండరుగా కుదురుకున్నాను.

కొత్త కోర్సులో మొట్టమొదట చేరింది మా మనవరాలే. దానికి సినిమా తియ్యాలని పిచ్చి, పుస్తకాలంటే అంతకంటే పిచ్చి. వాళ్ల నాన్న, అంటే మా అబ్బాయి, జెరాక్సు షాపు నడుపుతాడు.

"మూడేళ్లు చూస్తా నాన్నా. పాసైతే దాని దారి దానిది. తప్పిందా, వచ్చి మెషీను దగ్గర నిలబడాలి. తర్వాత నువ్వు సిఫార్సులు పట్టుకురాకు," అన్నాడు.

వాడు మాటమీద నిలబడే మనిషి. వాడితో వచ్చిన చిక్కల్లా అదే.

'రెండూ కలిపి' అన్న మంత్రిగారి మాటను రిజిస్ట్రారుగారు పొల్లు పోకుండా అమలు చేశారు. ఒకే గది, ఒకే గంట, ఇద్దరు ప్రొఫెసర్లు. మొదటిరోజు సాహిత్యం ప్రొఫెసరుగారు లైటు వేశారు. సినిమా ప్రొఫెసరుగారు ఆర్పేశారు.

"చీకట్లో పిల్లలు పుస్తకం ఎలా చదువుతారండీ?"

"వెలుతుర్లో తెరమీద బొమ్మెలా కనిపిస్తుందండీ?"

"కనిపించకపోతే కొంపలేం మునగవు. ఇది రెండొందల ఏళ్లనాటి కవిత్వం!"

"అన్నాళ్లు ఆగింది, ఇంకో గంట ఆగదూ?"

వారం తిరిగేసరికి స్విచ్చి ఊడి చేతికొచ్చింది. వైస్ చాన్సలరుగారు వెంటనే స్విచ్చి కమిటీ వేశారు. కమిటీ పదకొండుసార్లు సమావేశమై, రెండు దేశాలు తిరిగి అక్కడివాళ్లు స్విచ్చి ఎలా వేస్తున్నారో కళ్లారా చూసొచ్చి, నివేదిక ఇచ్చింది. బేసి నిమిషాల్లో లైటు వెలగాలి, సాహిత్యం. సరి నిమిషాల్లో ఆరాలి, సినిమా. స్విచ్చి దగ్గర రెండిట్లో ఏదీ తెలియని నిష్పాక్షికమైన వ్యక్తి ఉండాలి. ఆ అర్హత యూనివర్సిటీలో చాలామంది పెద్దలకి ఉన్నా, వెలుగుచీకట్లలో ముప్ఫై ఏళ్ల అనుభవం నా ఒక్కడికే ఉంది కనుక, ఆ పదవి నన్ను వరించింది. 'స్విచ్చి సమన్వయాధికారి' అని బ్యాడ్జీ కూడా కుట్టించారు.

మూడేళ్లు టపీమని వేశాను, టపీమని ఆర్పాను. హీరోయిన్ ఏడవబోతే వెలుగు, కవి చావబోతే చీకటి. నలభైమంది పిల్లల్లో సగంమందికి కళ్లజోళ్లొచ్చాయి. మిగతా సగం సరి నిమిషంలో నిద్రపోయి, బేసి నిమిషంలో లేచి "యెస్ సార్" అనే విద్య సాధించారు.

మా మనవరాలు మాత్రం పడుకోలేదు. "తాతా, వీళ్లు రెండు సగాల్నీ పక్కపక్కన పెడుతున్నారు. నేను అతికిస్తా చూడు," అంది.

"అతికించు తల్లీ. ముందు పాసవ్వు," అన్నాను.

చివరి పరీక్షకి ఒక సినిమా తియ్యాలి, ఒక రచన రాయాలి. పరీక్షా అదే గదిలో, అదే స్విచ్చితో. మంత్రిగారు పరివారంతో సహా వేంచేశారు. మనవరాలు అందరికీ ఇంగ్లీషు కాగితాలు పంచింది.

చీకటి. తెరమీద ఒక ముసలామె కిటికీ దగ్గర ఉత్తరం విప్పుతోంది. వెలుగు. చెల్లెలు రాసిన ఆ ఉత్తరం మన చేతిలో కాగితంమీద ఉంది. 'నేను బాగానే ఉన్నానక్కా' అని. మళ్లీ చీకటి. చదివాక ఆమె మొహం. ఇరవై నిమిషాలు అలా ఉత్తరం వెంట ఉత్తరం నడిచింది. నాకు ఇంగ్లీషు రాదు, కాగితాల్లో ఏముందో మనవరాలు ముందే చెప్పింది. అయినా ఒకసారి స్విచ్చి వెయ్యడం మర్చిపోబోయాను. చివరి వెలుగులో కాగితం ఖాళీ. చివరి చీకట్లో ఆమె ఆ ఖాళీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, గుప్పిట్లో దాచుకుంది.

మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు. అది చూసి పి.ఏ.గారూ తుడుచుకున్నారు.

"శభాష్! కలిపి అంటే ఇదేనయ్యా!" అన్నారు మంత్రిగారు.

వారానికి ఫలితాలొచ్చాయి. సినిమాలో ఉత్తరాల సంగతి చూపించలేదు, అసంపూర్ణం, సున్నా. రచనలో ముసలామె మొహం వర్ణించలేదు, అసంపూర్ణం, సున్నా. మూడేళ్లలో ఇద్దరు ప్రొఫెసర్లూ ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు. ఎక్కడిదో వ్యాసం, ఎవరిదో సినిమా విడివిడిగా తెచ్చిచ్చిన కుర్రాడికి బంగారు పతకం దక్కింది. అతనివి రెండూ సంపూర్ణం.

మా అబ్బాయి వద్దన్నా వినకుండా, సిఫార్సుకోసం మంత్రిగారి దగ్గరికి నేనే బయల్దేరాను.

"బాబూ, మీరే కదా మెచ్చుకున్నారు!"

"మెచ్చుకున్నాను కనుకనే జోక్యం చేసుకోకూడదు పెద్దాయనా. విలువలు! కానీ అన్యాయం జరగనిస్తానా? వచ్చే ఏడాది నుంచి మీ పిల్ల రాసిందే పాఠ్యపుస్తకం!"

"మరి మార్కులు బాబూ?"

"పాఠ్యపుస్తకానికి మార్కులేంటయ్యా, నీ అమాయకత్వం గానీ!"

మొన్న షాపుకి వెళ్లాను. కొత్త బ్యాచ్ పిల్లలు వీధి మలుపుదాకా వరసకట్టి ఉన్నారు. మా అబ్బాయికి తలెత్తే తీరిక లేదు. మనవరాలు మెషీను దగ్గర నిలబడి ఒక్కొక్క ఉత్తరమే గాజుమీద బోర్లిస్తోంది. మూత కింద వెలుగు ఇటునుంచి అటు పాకి ఆరిపోతోంది.

కళ్లజోడు పిల్లొకతె సెట్టు తిరగేసి, "అక్కా, చివరి పేజీ ఖాళీగా వచ్చింది. మళ్లీ తియ్యవా?" అంది.

"అది అంతేనమ్మా."

"రాసినావిడకి యూనివర్సిటీ ఫస్టు వచ్చుంటుంది కదక్కా?"

"సప్లిమెంటరీ," అంది మా మనవరాలు. "పిన్ను కొట్టనా, స్పైరల్ వెయ్యనా?"