ఏ ఆటకి ఆ సినిమా

ఆ రోజు ఉదయం డైరెక్టరు వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. తొమ్మిదింటికి కొత్త సినిమా ట్రయలు, పదకొండింటికి అసలు ఆట, ఒంటిగంటకి అక్క నోటి నుంచి "బాగుందిరా" అన్న ఒక్క మాట. మొదటి రెండూ తన చేతిలో పనులే. మూడోదాని కోసం చిన్నప్పటి నుంచీ ఎదురుచూస్తూనే ఉన్నాడు, ఇప్పుడు యాభై రెండు నిండాయి.

డైరెక్టరు అన్నది ఇంట్లోవాళ్లు వెటకారానికి పెట్టిన పేరు. అతను తీసిన తొమ్మిది డాక్యుమెంటరీల్లో ఒక్కదాన్నీ చుట్టాలెవరూ చివరిదాకా చూసిన పాపాన పోలేదు. పదోది అక్క మీదే తీశాడు. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆవిడే, కుట్టుమిషను తొక్కి. రెండేళ్లపాటు ఆవిడ కొట్లో కెమెరా పెట్టుకుని రెండు వందల గంటలు తీశాడు. అందులోంచి ప్రతి ఆటకీ కంప్యూటరే తనకి తోచిన ముక్కలేరి గంట సినిమా అల్లుతుంది. ఏ రెండు ఆటలూ ఒకేలా ఉండవు.

"అయితే ఏది సినిమా?" అని బావ అడిగాడు.

"అన్నీ సినిమాలే బావా."

"అంటే ఏదీ కాదన్నమాట," అని బావ పేపరు తిప్పాడు.

అక్క మాత్రం ఒక్కటే అడిగింది. "నా చేతులు వణికే ముక్క చూపించకురా. బళ్లోవాళ్లు రెండు వందల జతల యూనిఫాంలు నాకే ఇస్తామంటున్నారు. అది చూస్తే ఎవరిస్తారు?"

చూపించనని చేతిలో చెయ్యేసి చెప్పాడు. తీరా ట్రయలు వేసి చూస్తే సినిమా అద్భుతంగా వచ్చింది. అక్క నవ్వుతోంది, పాట పాడుకుంటోంది, తమ్ముడి చిన్ననాటి చొక్కా మడత విప్పి చూపిస్తోంది. ఖాళీ హాల్లో ఒక్కడే కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. వణుకు ఎక్కడా లేదు. అయినా ఆ వణుకు ముక్కల్ని కంప్యూటర్లోంచే తీసేద్దామా అని, వెనక గదిలో ఆట నడిపిస్తున్న ఎడిటరు వచ్చి అడిగింది. రాలేదుగా, ఉండనీ అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ వణుకంటే అతనికి ప్రాణం. రెండు వందల గంటల్లో చూసేవాళ్ల గుండె పట్టేసేది అదొక్కటేనని లోలోపల నమ్మకం. మాట ఇచ్చాడే గానీ దాన్ని తీసెయ్యడానికి మనసొప్పలేదు.

పదకొండింటికి హాలు నిండింది. రాలేనివాళ్ల కోసం లైవ్ పెట్టారు. వాళ్లు పంపే సందేశాలు తెర పక్కనే కనపడే ఏర్పాటు కూడా డైరెక్టరు సొంత ఆలోచనే. ముందు వరసలో అక్క దగ్గర కుట్టించుకునే బేరాలు, వాళ్ల మధ్య యూనిఫాంలు ఇస్తామన్న బడి పెద్ద టీచరు. డైరెక్టరు మైకు పుచ్చుకున్నాడు. "మనిషి చేత్తో కత్తిరించిందల్లా అబద్ధం. దీన్ని ఎవరూ కత్తిరించలేదు. అందుకే ఇది నిజం," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజుకి అవే ఆఖరి చప్పట్లు.

పది నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత తెర మీదికి బావ వచ్చాడు. వాళ్లింటి మేడమీదావిడ నడుము కొలత వ్యవహారం కెమెరాకి తీరిగ్గా వివరించాడు. భార్య టేపు చూసి ముప్పై ఆరని పైకి చెబుతుందట, పుస్తకంలో నలభై అని రాసుకుంటుందట, కుట్టేది నలభైకేనట. ఆవిడేమో సన్నబడ్డానని వీధంతా చాటుకుంటోందట. లైవ్‌లో నవ్వుల బొమ్మలు వరదలా వచ్చిపడ్డాయి. ముందు వరసలో కూర్చున్న మేడమీదావిడ లేచి నిలబడింది. బావ కుర్చీలో కిందకి జారాడు.

డైరెక్టరు ఆట ఆపించి ఆవిడ ముందు చేతులు కట్టుకున్నాడు. "మొదటి నుంచి వేస్తానండీ. ఈసారి అది రాదు."

మాట తప్పలేదు, అది రాలేదు. చేతులొచ్చాయి. తెరంత పెద్ద చేతులు. ఒక చేతిలో సూది, ఒక చేతిలో దారం, రెండూ కలవడం లేదు. నాలుగు నిమిషాలపాటు కలవలేదు. కెమెరా వెనక కెమెరామన్‌కి పురమాయిస్తున్న డైరెక్టరు గొంతు స్పష్టంగా వినిపించింది. "ఆపకు, ఇంకా దగ్గరికెళ్లు. ఈ వణుకుతోనే మనకి అవార్డు."

తెర పక్కన ఒక సందేశం మెరిసింది: మా పాప గౌను ఇంకా కత్తిరించకపోతే గుడ్డ తిరిగి ఇచ్చెయ్యండి. దాని వెనకే అలాంటివి మరో ఆరు. పెద్ద టీచరు సంచీ భుజానికి తగిలించుకుని, అక్క వైపు చూడకుండా వెళ్లిపోయింది. డైరెక్టరు కాలుగాలిన పిల్లిలా పరిగెత్తి మూడో ఆట మొదలెట్టించాడు. ఈసారి రాదు, ఈసారి రాదని మైకులో అంటూనే ఉన్నాడు. వినడానికి సగం కుర్చీల్లో మనుషులు లేరు.

అక్క లేచి అతని దగ్గరికొచ్చింది. గొంతు పెంచలేదు.

"చేతులు నావే, సరే. ఆ గొంతు నీదేనా?"

ఆవిడ బావని తీసుకుని వెళ్లిపోయింది. మిగిలినవాళ్లూ వెళ్లారు. ఎడిటరు లైవ్ కట్టేసింది. ఆట ఆపాలని ఎవరికీ తోచలేదు, అది తన మానాన తను నడుస్తోంది.

తెర మీద కొట్టు కనపడింది. డైరెక్టరూ కెమెరామనూ టీ తాగడానికి వెళ్తూ కెమెరా ఆపకుండా వదిలేసిన రోజది. అక్క అటూ ఇటూ చూసింది, సూది తీసింది, ఒక్కసారికే దారం ఎక్కించింది. "చూశారా, వాడు అటు వెళ్తే ఏ వణుకూ లేదు," అంది బావతో. "ఆ కెమెరా ఎదురుగా ఉంటేనే చేతులు ఆడవు."

"అయితే వద్దని చెప్పొచ్చుగా?"

"చెప్తే వాడికి వేరే పనేముందండీ, పాపం," అని మిషను తొక్కడం మొదలుపెట్టింది. కుట్టు గీత గీసినట్టు సాగింది.

డైరెక్టరుకి తల కొట్టేసినట్టయింది. రెండేళ్లు దగ్గరికెళ్లి దగ్గరికెళ్లి తను తీసిన జబ్బు తనే. అది చూసి ఎనిమిది బేరాలు పోయాయి. ఏ జబ్బూ లేదని చెప్పే ముక్కని చూసింది మాత్రం తనూ ఎడిటరూనూ.

ఆ ముక్క విడిగా కత్తిరించి అందరికీ పంపుదామని ఎడిటరు అంది. పంపారు. పెద్ద టీచరు నుంచి సాయంత్రానికల్లా జవాబొచ్చింది: చేత్తో కత్తిరించిందల్లా అబద్ధమని మీరే సెలవిచ్చారు కదా. మిగతావాళ్లు ఆ పాటి మర్యాద కూడా చూపలేదు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆ ముక్క దానంతటదే రావాలి, అదీ లైవ్‌లో. అప్పటి నుంచి డైరెక్టరు రోజూ పదకొండింటికి లైవ్ పెట్టి ఆట వేస్తున్నాడు. ముందు సినిమా వస్తుంది, తర్వాత బావ వచ్చి అక్క అడగమందని అడుగుతాడు. "ఇవాళైనా వచ్చిందా?"

ఇప్పటికి నలభై ఒక్క ఆటలయ్యాయి, ఆ ముక్క ఒక్కసారీ రాలేదు. ఏ రోజు సినిమా ఆ రోజు మారుతూనే ఉంది, రోజూ వచ్చే ఆ ఒక్క వణుకు తప్ప.