సూది బెజ్జంలోంచి చూసిన ఆఖరి భాగం

ఏ సూదిమొన ముందు మహావీరుల వేళ్ళు సైతం గజగజ వణుకునో, ఏ సూది బెజ్జంలో దూరలేక దారపు కొసలు తలలు వంచుకుని వెనుదిరుగునో, ఆ ఇనుపకన్ను తల్లికి ముందుగా మొక్కి, ఒకానొక శుక్రవారం అపరాహ్ణవేళ, చండభానుడు కిటికీ ఊచల నీడలను కుట్టుమిషన్ల మీద చారలుగా పరుస్తుండగా, ఒక చొక్కాల కార్ఖానా మేడమీద గదిలో మూడున్నరకు మొదలై మూడూ నలభైకల్లా ముగిసిన మహాసంగ్రామాన్ని చెప్పబోతున్నాను.

ఆ రణరంగం పొడవు ఇరవై అడుగులు, వెడల్పు పన్నెండు. మిషన్లన్నీ కిటికీ వైపు తిరిగి ఉంటాయి, వెలుతురు అటునుంచి వస్తుంది కనుక. టీవీ ఏమో కుట్టేవాళ్ళ వీపుల వెనకాల, తలుపు మీది చెక్కబల్ల ఎక్కి ఉంటుంది, మరో చోటు లేదు కనుక. ఈ రెండు దిక్కుల మధ్య పుట్టిన ధర్మసంకటాన్ని తీర్చడానికి ఆ రాజ్యంలో ఒకే ఒక శాసనం అమలులో ఉంది: కళ్ళు సూదికి, చెవులు టీవీకి.

ఆ శాసనకర్త కటింగ్ మాస్టరు. కర్తరీధారి, కొలతటేపు కంఠాభరణుడు, రిమోటు అనే రాజదండాన్ని అన్నం తినేటప్పుడు కూడా జేబులోంచి తీయని సార్వభౌముడు. ఆయన తర్వాతి మహారథి కాలరత్త. పాతికేళ్ళుగా కాలర్లు తప్ప మరొకటి కుట్టని ఏకాగ్రచిత్త, ఎవరు ఎదురైనా ముఖం కంటే ముందు మెడ చూసే మనిషి. ఆమె పక్కన, గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మీద పిన్ని. ఆ మిషను ఆగితే పిన్ని మాట వినిపిస్తుంది, పిన్ని మాట ఆగితే మిషను వినిపిస్తుంది, రెండూ ఆగిన రోజు చరిత్రలో లేదు.

ఇక కిటికీ కింద, పీట మీద, గుండీల గుట్టకు అధినేత్రిగా కూర్చున్నది మన కథానాయిక. పిన్నికి సొంత అక్క కూతురు. ఇరవై రెండేళ్ళు. మూడేళ్ళుగా ఆ గదిలో ఆమె గొంతును పూర్తిగా విన్నవాళ్ళు లేరు. అందుకే అందరూ ఆమెను గుసగుస అని పిలుస్తారు. టీవీకి ఎదురుగా కూర్చున్నది ఆమె ఒక్కతే. అయితే ఏం లాభం? గుండీకి నాలుగు కన్నాలు. వాటి మీంచి కళ్ళు తీస్తే వేలికి రక్తాభిషేకమే.

ఆ రోజు ఐదింటికి రెండు వందల చొక్కాలు బండెక్కాలి. ఆ రోజే, మూడింటికి, ఇరవై నాలుగు భాగాలుగా ఆ గదిని ఏలిన ‘ప్రధాన వార్తలు’ సీరియల్‌కి సీజను ఆఖరి భాగం.

అది ఒక టీవీ చానెల్ న్యూస్‌రూములో జరిగే కథ. మొదటి భాగంలో కొత్తగా చేరిన న్యూస్‌రీడరు చేతిలో కాగితం వణికి, ఆ గరగర మైకులోంచి గదంతా వినపడినప్పుడు మిగతావాళ్ళు నవ్వారు. గుసగుస నవ్వలేదు. ఆ చప్పుడు తన సొంత చప్పుడులా అనిపించింది ఆమెకు. అప్పట్నుంచి రోజుకు అరగంట ఆ న్యూస్‌రీడరు గొంతు పెరుగుతుంటే, పీట మీద ఈమె వెన్ను కూడా కాస్త కాస్త నిటారవుతూ వచ్చింది.

ఆఖరి భాగంలో ఒక వంతెన కూలింది. కట్టినవాడు చానెల్ ఓనరుకు బావమరిది. “వానకు కూలిందని చదువు!” అని ఓనరు, న్యూస్‌రీడరు చెవిలో ఉన్న బుల్లి యంత్రంలోంచి గర్జించాడు. “వంతెన కూలడానికి కారణం...” అని న్యూస్‌రీడరు మొదలుపెట్టింది.

ఆ తర్వాత నిశ్శబ్దం. ఐదు క్షణాలు, పది, ఇరవై. సౌండు పోయిందనుకున్న మాస్టరు, గుడ్డ మీది సుద్దగీత నుంచి చూపు చెదరనీయకుండానే, కొలకర్రను వెనక్కి చాచి టీవీ డొక్కలో రెండు పొడిచాడు. వెంటనే ముగింపు సంగీతం మోగింది. సీజను అయిపోయింది.

అంతే, అభిప్రాయభేదమనే భేరి మోగింది.

“చూశారా!” అంది కాలరత్త, తాను ఏమీ చూడలేదన్న చిన్న విషయాన్ని లక్ష్యపెట్టకుండా. “మొదటిరోజే చెప్పాను, మెత్తటి మనిషని. ఓనరు గద్దించగానే నోరు పడిపోయింది. లొంగిపోయింది, అంతే!”

“అబ్బే, కాదొదినా! కళ్ళు తిరిగి పడిపోయింది,” అంది పిన్ని. “పొద్దుట్నుంచి ఏం తినలేదని రెండో సీన్‌లో తనే అందిగా? ఖాళీ కడుపుతో వార్తలు చదివితే అంతే మరి.”

“పడితే దబ్బుమని చప్పుడు రావద్దూ?”

“సన్నటి మనిషి. ఏం చప్పుడొస్తుంది?”

“సన్నగా ఉంటుందని నీకెవరు చెప్పారు?”

“గొంతు వింటే తెలీట్లా?”

అప్పుడు మాస్టరు కత్తెర దించి కంఠం సవరించుకున్నాడు. “మీ ఇద్దరిదీ తప్పే. రాసేవాడికి ఆపైన ఏం రాయాలో తోచలేదు. ఇన్నాళ్ళు మనకు వినిపించి చివర్లో చెయ్యిచ్చాడు. రేపట్నుంచి మూడింటికి పాత పాటలు. రెండో సీజను వచ్చినా సరే, ఈ గదిలో మాత్రం వేసేది లేదు!”

ఆ తీర్పు పిడుగులా గుండీల గుట్ట మీద పడింది. ఎందుకంటే ఆ ఇరవై క్షణాల్లో ఏం జరిగిందో గుసగుసకు తెలుసు. ఆ గదిలో ఆమె ఒక్కతికే తెలుసు. ఇప్పుడు నోరు విప్పకపోతే న్యూస్‌రీడరు ఆ నాలుగు గోడల మధ్య పిరికిదిగా మిగిలిపోతుంది. రోజులో తనదంటూ ఉన్న ఆ అరగంటా పోతుంది.

నాభి నుంచి మాటల సైన్యం కదిలింది. గుండె దాటింది. కంఠమనే కనుమలో ఎప్పట్లాగే ఇరుక్కుంది. అందులోంచి ఒక్క వేగులవాడు మాత్రం బయటపడ్డాడు.

“అది కాదు...” అంది గుసగుస.

ఓవర్‌లాక్ మిషను వాడిని అంచుగుడ్డతో పాటు కలిపి కుట్టేసింది.

రెండోసారి ఆమె చెయ్యెత్తింది. “తెల్లదారమా? ఇదిగో,” అని మాస్టరు ఒక రీలు విసిరాడు. పట్టుకుని పక్కన పెట్టి మళ్ళీ ఎత్తింది. “ఇంకోటా? తింటున్నావా ఏంటే?” అని ఇంకో రీలు విసిరాడు. రెండు రీళ్ళు ఒడిలో పెట్టుకుని, రెండు యుద్ధాలు ఓడిపోయి, ఆమె ఒక క్షణం కళ్ళు మూసుకుంది. ఈ మిషన్ల హోరు మీదికి ఎక్కే గొంతు తనకు లేదు. ఇక ముందూ రాదు.

అయితే ఆమె తలకు జానెడు ఎత్తున, గోడ మీద, మిషన్లన్నిటికీ కలిపి ఒకే ఒక పెద్ద స్విచ్చు ఉంది. మాస్టరు చెయ్యి తప్ప మరొక చెయ్యి తాకని స్విచ్చు. ఒడిలోని రీళ్ళు దొర్లిపోతుండగా, గుండీలు చెల్లాచెదురవుతుండగా, గుసగుస లేచి నిలబడింది. టక్కుమంటూ దాన్ని కిందికి దించింది.

పిన్ని మిషను ఆగింది. ఆ ఆశ్చర్యానికి పిన్ని మాట కూడా ఆగింది.

“కరెంటు పోయిందా?” అన్నాడు మాస్టరు.

“లేదు. నేనే తీశాను.”

ఆ మాట గది నాలుగు మూలలకూ వెళ్ళి నిలబడింది.

“ఆవిడ లొంగిపోలేదు,” అంది గుసగుస. “చెవిలోది పీకి బల్లమీద పెట్టింది. ఓనరు పంపిన కాగితం మడిచి పక్కన పడేసింది. ఫొటో ఎత్తి చూపించింది. వంతెన తెరిచిన రోజు ఫొటో. రిబ్బను కత్తిరిస్తున్నది ఆ బావమరిదే.”

మూడేళ్ళలో ఆ గదిలో ఆమె ఆడిన మాటలన్నీ కుప్ప పోసినా ఇన్ని కావు.

కాలరత్త కళ్ళద్దాలు పైకి నెట్టుకుంది. “నీకెలా తెలుసే? నువ్వూ గుండీలే కుడుతున్నావుగా?”

“దారం తెగిందత్తా. ఎక్కిద్దామని సూది పైకెత్తాను. బెజ్జంలోంచి టీవీ కనపడింది.”

“దారం ఎక్కించడానికి అంతసేపా?”

“చెయ్యి వణికింది. ఎక్కలేదు.”

“అయితే ఏం వేసుకుందో చెప్పు.”

“చొక్కా. లేతనీలం. కాలరు ఎడమ కొస కాస్త పైకి లేచి ఉంది.”

కాలరత్త చేతిలోని కాలరు కింద పెట్టింది. పాతికేళ్ళ అనుభవం రెండు కనుబొమల మధ్య ముడిపడి, మెల్లగా విడింది.

“లోపల పెట్టే గట్టిగుడ్డ పొట్టిగా కోస్తే అలాగే లేస్తుంది,” అని గంభీరంగా ప్రకటించింది. “ఈ పిల్ల చూసింది. మాస్టారూ, మిగతావేమైనా ఊహించి చెప్పొచ్చేమో గానీ, కాలరు కొస ఊహించి చెప్పడం ఎవరివల్లా కాదు.”

“అయితే పడిపోలేదన్నమాట,” అంది పిన్ని, కొంచెం నిరాశగా. “పోనీ, ఏమన్నా తిన్నట్టు కనపడిందా?”

సార్వభౌముడు కత్తెర చూశాడు, కొలకర్ర చూశాడు, తాను డొక్కలో పొడిచిన టీవీని మొదటిసారి కళ్ళెత్తి చూశాడు. ఓడినట్టు ఒప్పుకోకుండా ఓడడం ఎలాగో రాజులకు బాగా తెలుసు.

“సరేలే, రెండో సీజను వేద్దాం. ఆఖరి భాగంలో చివరి రెండు నిమిషాలు మిషన్లాపి వెనక్కి తిరిగి చూసుకోండి. స్విచ్చు నువ్వే తీద్దువుగాని.”

“మూడు,” అంది గుసగుస.

“ఏంటీ?”

“మూడు నిమిషాలు.”

“రెండున్నర! అంతకు మించి ఒక్క క్షణం ఇవ్వను!”

వినండి, దశదిక్కులారా! రెండు నిమిషాలిచ్చిన చేతినుంచి, ఎప్పుడొస్తుందో తెలియని సీజనులో, ఎన్నో తెలియని ఆఖరి భాగానికి, అక్షరాలా ముప్పై క్షణాలు గెలుచుకున్న ఆ వీరవనితకు జయమగుగాక! గుండీల గుట్టకు జయమగుగాక! లేచి ఉన్న ఎడమ కాలరు కొసకు జయమగుగాక!

“ఇంత తెలిసినదానివి, ముందే కాస్త గట్టిగా చెప్పొచ్చుగా?” అంది పిన్ని.

“మీరు ఆపితే వినపడింది కదా పిన్నీ,” అంది గుసగుస.

స్విచ్చు పైకెత్తింది. మిషన్లు హోరెత్తాయి. ఆమె పీట మీద కూర్చుని, సూది ఎత్తి, దారపు కొస తడిచేసి చూసింది. ఈసారి ఒక్క పోటుకే ఎక్కింది.