బాడ్జ్ అనిపించుకోని పని

ఆ ఆదివారం పొద్దున క్లిఫర్డ్ పెట్టుకున్న పని ఒక్కటే: భోజనానికి బావమరిది డెస్మండ్ వచ్చేలోగా వంటింటి కుళాయి కారకుండా చెయ్యడం. డెస్మండ్ లైసెన్సున్న ప్లంబరు. క్లిఫర్డ్ ఏది బాగుచేసినా భార్య ఈనిడ్ నలభై ఏళ్ళుగా ఒకటే మాట అంటోంది: బాడ్జ్. వాళ్ళ ఊరు హాలిఫాక్స్‌లో ఆ మాటకు, అతుకులేసి ఎలాగో గట్టెక్కించిన పని అని అర్థం. చెడిపోయిందని కాదు, అలాగని మెప్పూ కాదు. ఒక్కసారైనా ఆమె నోట "బాగా చేశావు" అనిపించుకోవాలని ఆ పెద్దమనిషి కోరిక.

"తమ్ముడు వస్తున్నాడుగా. నువ్వు ముట్టుకోకు, బాడ్జ్ చేస్తావు," అంది ఈనిడ్ బంగాళాదుంపలు తరుగుతూ.

"ఈసారి పద్ధతిగా చేస్తా, చూస్తూ ఉండు."

పద్ధతి అంటే ముందు నీళ్ళు కట్టెయ్యాలి. వాకిటి ముందు నేలలో ఉన్న గొట్టం గుంట మూత తీసి, బిగుసుకుపోయిన వాల్వును బలంకొద్దీ తిప్పాడు. నీళ్ళు ఆగాయి, పిడి ఊడి చేతికొచ్చింది. ఆ వరసలోని ఎనిమిది ఇళ్ళకూ గొట్టం ఒక్కటేనన్న సంగతి, పక్కింటి మార్జరీ ఖాళీ కెటిల్‌తో వచ్చి నిలబడ్డాక తెలిసింది.

"ఏమనుకోకండి క్లిఫర్డ్ గారూ, మీకు నీళ్ళొస్తున్నాయా?"

క్లిఫర్డ్ పిడిని వీపు వెనక దాచాడు. "లేదండీ. నీళ్ళ కంపెనీవాళ్ళ నిర్వాకం అయ్యుంటుంది."

"పాపం, మీకూనా," అని ఆవిడ వెళ్ళి కంపెనీకి ఫోన్ చేసింది. మిగతా ఆరిళ్ళవాళ్ళూ చేశారు. టీ లేని ఆదివారం వాళ్ళెవరూ ఎరగరు.

ఇంతలో డెస్మండ్ దిగాడు. మూత వైపూ బావ మొహం వైపూ చూశాడు. "అక్కా, ఓ గరిటె ఇలా ఇవ్వు." గరిటె కాడ వంచి, వాల్వుకు టేపుతో చుట్టి తిప్పాడు. ఎనిమిది ఇళ్ళలోనూ నీళ్ళొచ్చాయి. వీధంతా చప్పట్లు కొట్టింది.

"చూశావా, పనంటే అదీ," అంది ఈనిడ్.

"అది గరిటె," అన్నాడు క్లిఫర్డ్ నీరసంగా.

ఎన్నడూ లేనిది, కంపెనీ బండి అరగంటలో వచ్చింది. అధికారి వంగి చూశాడు. "ఈ బాడ్జ్ ఎవరిది?"

డెస్మండ్ తన లైసెన్సు తలుచుకుని ఆకాశంకేసి చూశాడు.

"మా ఆయనది," అంది ఈనిడ్, తడుముకోకుండా.

అధికారి గరిటెను అటూ ఇటూ తిప్పాడు. "గట్టిగా ఉందండీ. మా వాళ్ళయితే వీధంతా తవ్వేవాళ్ళు. బాగా చేశారు."

డెస్మండ్ కక్కలేక మింగలేక నిలబడ్డాడు.

"ఏదో, చేతనైనంత," అన్నాడు క్లిఫర్డ్ వినయంగా.