సాగదీత ఉత్తర్వు

మనవరాలి సంచి నేనే సర్దాను. రెండు జతల బట్టలు, తువ్వాలు, నడుముకు బిగించే పట్టీ, బరువులెత్తేటప్పుడు వేసుకునే బూట్లు. బూట్లను పాత వార్తాపత్రికలో చుట్టాను. ఎంపిక పోటీలో ఎనభై ఐదు కిలోలు ఎత్తితే ఎంపికైనట్టే. పోటీ జరిగే హాలు నుంచి అటే శిక్షణ కేంద్రానికి తీసుకుపోతారు, రెండేళ్ళు. జిప్పు మూడుసార్లు వేసి మూడుసార్లు తీశాను. వెళ్ళేవాళ్ళ సంచులు సర్దడంలో నాకు చేయి తిరిగింది. వెళ్ళినవాళ్ళ సంగతి అడక్కండి.

ఇంట్లో మనవరాలిని గుండ్రాయి అంటాం. ఆ వారమే సాధనలో ఎనభై ఐదు ఎత్తింది. సరిగ్గా అంతే, ఒక్క కిలో ఎక్కువ కాదు.

హాలు గోడకు తడి ఆరని ఉత్తర్వు అంటించి ఉంది. "క్రీడాకారుల శ్రేయస్సు దృష్ట్యా, బరువెత్తే ప్రతిసారీ ముందుగా ఒక్కొక్క కండరమును ఐదేసి నిమిషములు సాగదీసి, కదలక పట్టుకొని ఉండవలెను. ఉల్లంఘించినవారు బలవంతులైనను అనర్హులు."

బరువులెత్తే సంఘం అధ్యక్షులవారు జీవితంలో ఎత్తిన ఏకైక వస్తువు మైకు. ఎత్తింది ఇంతవరకు దించలేదంటే వారి సత్తా ఊహించుకోండి.

"రబ్బరును చూడండి! సాగదీస్తేనే కదా దూరం పోయేది! మా కార్యాలయంలో ఒక ఫైలును పదకొండేళ్ళుగా సాగదీస్తున్నాం. దాని బలం తగ్గిందా? ఇవాళ ఇద్దరు పడితే గాని కదలదు!"

ఇంత శాస్త్రీయంగా చెప్పాక చప్పట్లు కొట్టకుండా ఎలా ఉంటాం?

పన్నెండు మంది అమ్మాయిలు వరసగా వంగి నిలబడ్డారు. గడియారం పట్టుకున్నాయనకు మధ్యలో ఫోను వచ్చింది. నిజాయితీపరుడు కనుక లెక్క మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

"సార్, కాళ్ళు తేలిపోతున్నాయి" అంది గుండ్రాయి.

"తేలికపడుతున్నాయన్నమాట! చూశారా, పనిచేస్తోంది!" అన్నారు అధ్యక్షులవారు.

అది నావైపు తిరిగింది. "అమ్మమ్మా, రోజూ ఖాళీ కడ్డీ నాలుగుసార్లు ఎత్తి మొదలుపెట్టేస్తాను కదా. ఇదేం గోలే?"

"పెద్దవాళ్ళు చెప్పారుగా తల్లీ. ఇంకొక్క నిమిషం పట్టుకో."

మొదటిసారి కడ్డీ ఛాతీ దాకా వచ్చి జారింది. నిబంధన ప్రకారం మళ్ళీ సాగదీశారు. రెండోసారి మోకాళ్ళ దాకా వచ్చింది. మళ్ళీ సాగదీశారు. మూడోసారి కడ్డీ నేలను వదల్లేదు.

ఆ రోజు ఒక్కరూ ఎంపిక కాలేదు. ఒక్కరికీ గాయమూ కాలేదు, ఎత్తితే కదా. ఉత్తర్వు ఘనవిజయం సాధించిందని ప్రకటించి, అధ్యక్షులవారు ఐదు నిమిషాలను పదికి సాగదీశారు. మళ్ళీ చప్పట్లు.

ఇంటికొచ్చాక గుండ్రాయి సంచి విప్పింది. బూట్లు చుట్టిన కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని చదును చేసింది. నేను నలభయ్యో ఏట పొట్లాల కాగితాల మీద చదువు నేర్చుకున్నదాన్ని. ఏం చదివినా కింద పెన్సిలుతో గీత గీయడం నా అలవాటు. ఆ కాగితం మీద నా గీత కాస్త వంకరగా పోయింది కానీ, పైనున్న వాక్యం స్పష్టంగానే ఉంది: "బరువెత్తబోయే ముందు కండరాన్ని నిమిషానికి మించి సాగదీసి ఉంచితే కాసేపు బలం తగ్గవచ్చు."

"అమ్మమ్మా, ఈ గీత ఎప్పుడు గీశావ్?"

నేను కళ్ళజోడు తీశాను. కొంగుతో తుడిచాను. పెట్టుకున్నాను. మళ్ళీ తీశాను.

"ఐదు నిమిషాలయింది అమ్మమ్మా" అంది అది.

"నువ్వు వెళ్ళిపోతావని..." అన్నాను.

నన్నొక్కదాన్నే అనకండి. ఆ హాల్లో విషయం తెలిసిన శిక్షకులు ఇరవై మంది ఉన్నారు. అందరం కలిసే కొట్టాం చప్పట్లు.

మరుసటి నెల మూడో తేదీ బుధవారం, ఉదయం పది గంటలకు గుండ్రాయి వేరే ఊరి గోదాములో బస్తాలెత్తే పనికి వెళ్ళింది. అక్కడ ఎత్తే ముందు సాగదీయమని ఎవరూ అడగరట. సంచి తనే సర్దుకుంది. తిరిగి రాలేదు.