బ్రిటన్ యువతకు జెడ్డా పిలుపు

బ్రిటన్‌లో కుర్రకారు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయడానికి బద్ధకిస్తున్నారన్న వార్త జెడ్డా తెలుగు సమాఖ్యను తీవ్రంగా కలచివేసింది. ఆ శుక్రవారం మధ్యాహ్నం జెడ్డా షరఫియా పేటలోని ఒక హోటల్ మేడమీద అత్యవసర సమావేశం జరిగింది. సౌదీలో అనుమతి లేకుండా సభలు పెట్టుకోకూడదు కాబట్టి, హాలును ఎప్పటిలాగే అధ్యక్షులవారి పుట్టినరోజు పేరిట తీసుకున్నారు. సుందరరాజుగారు ఏటా చాలాసార్లు పుట్టడం సభ్యులకు అలవాటే. కేకు కోశాక ప్రజాస్వామ్యంపై చర్చ మొదలైంది.

ఇంత ఆందోళనకు కారణం ఏంజెల్. రాజోలు దగ్గరి అమ్మాయి. జెడ్డాలో నర్సుగా పనిచేసి, నిరుడు బ్రిటన్‌లోని ఒక ఆసుపత్రికి మారింది. మొన్న వాట్సాప్ గ్రూపులో "నాకిక్కడ ఓటొచ్చిందండి" అని ఒక ముక్క పెట్టింది. మొదట ఎవరూ నమ్మలేదు. మనది కామన్వెల్త్ దేశం కాబట్టి భారతీయులు అక్కడ నివాసముంటే చాలు, ఓటుంటుందని తేలాక సమాఖ్య నిద్రలేచింది.

"రెండు వందల ఏళ్లు మనల్ని ఏలారు," అన్నారు సుందరరాజుగారు మైకు అందుకుని. ఆయన ఒక కాంట్రాక్టు కంపెనీలో హెచ్‌ఆర్ మేనేజరు. "ఇవాళ వాళ్ల ప్రధానమంత్రిని డిసైడ్ చేసేది మన రాజోలు అమ్మాయి. ఓటు వేయని యువత దేశానికి లయబిలిటీ."

ఇంత ఉత్తేజకరంగా మాట్లాడిన సుందరరాజుగారికి తాను స్వయంగా ఓటు వేసిన సంవత్సరం గుర్తులేదు. సమాఖ్య అధ్యక్షులుగా ఆయన ఎన్నికైన సంవత్సరం మీద సభ్యుల్లో భేదాభిప్రాయాలున్నాయి. కొందరైతే అసలు ఎన్నికే జరగలేదంటారు. అసూయ ఎక్కడైనా ఉంటుంది.

తర్వాత కార్యదర్శి ప్రసాద్‌గారు నివేదిక చదివారు. బ్రిటన్ యువత పోలింగుకు ఎందుకు రావడంలేదో అందులో వివరంగా ఉంది. వాళ్ల మాట ఎవరూ వినరట. పెద్దలు కుర్చీలు వదలరట. ఈ వాక్యానికి వేదికమీది పెద్దలందరూ కుర్చీల్లో కూర్చునే గట్టిగా చప్పట్లు కొట్టారు. వెంటనే ఒక యువ ఓటరు చైతన్య కమిటీ ఏర్పడింది. అందులో అందరికంటే చిన్నాయనకు మొన్ననే మనవరాలు పుట్టింది. సమాఖ్యలోని అసలు యువతకు హాల్లో కుర్చీలు సర్దే బాధ్యత అప్పగించారు.

ఇంతలో వెనక వరసలోంచి రూతు లేచింది. ఏంజెల్‌తో కలిసి పనిచేసిన నర్సు ఆమె. పక్కన బురఖాలో మహబూబ్బీ ఉంది. రాయచోటి నుంచి వచ్చి ఒక సౌదీ ఇంట్లో ముసలావిడకు సేవ చేసింది. ఆ ముసలావిడను ఆసుపత్రికి తెచ్చినప్పుడే రూతుకు పరిచయం. ముసలావిడ పోయింది, పని ఒప్పందం గడువూ తీరింది. పనిలో పెట్టుకున్న యజమాని, అంటే కఫీల్, ఆ ముసలావిడ కొడుకే. అతను మాత్రం దేశం విడిచేందుకు ఎగ్జిట్ అనుమతి ఇవ్వడంలేదు.

"సార్, ఈ అక్క సంగతి పోయిన మీటింగులోనూ చెప్పాను," అంది రూతు. "కాన్సులేటుకు ఎవరైనా తోడు వెళ్లి మాట్లాడితే చాలండి."

"మాయమ్మకు చూపు పోతా ఉండాదన్నా," అంది మహబూబ్బీ మెల్లగా. "పూర్తిగా పోకముందే నన్నొకసారి చూడల్లంట. కఫీల్‌ను అడిగితే బుక్రా అంటాడు. ఆయప్ప రేపు ఎప్పటికీ రాదు."

సుందరరాజుగారు చాలా బాధపడ్డారు.

"మ్యాటర్ సీరియస్సేనమ్మా. కానీ అజెండాలో లేదు."

అజెండాలో ఉన్నది ఏంజెల్‌కు ఫోను. పెద్ద తెరమీద ఆమె ముఖం కనిపించింది. డ్యూటీ దిగి అప్పుడే వచ్చినట్టుంది, కళ్లు గుంటలుపడ్డాయి. ఆమె ఎవరికి ఓటు వేయాలన్న దానిమీద సభ అప్పటికే రెండుగా చీలింది. ఎర్ర పార్టీ అని కొందరు, నీలం పార్టీ అని కొందరు. ఆ పార్టీలు ఏమంటున్నాయో ఇరుపక్షాలకూ తెలియకపోవడంతో వాదన నిష్పక్షపాతంగా సాగింది.

"మీ ఏరియాలో ఎవరు గెలుస్తారమ్మా?" అడిగారు ప్రసాద్‌గారు.

"తెలీదండి. ఒకాయన మా ఇంటికొచ్చారండి. చెత్తబండి సరిగ్గా రావట్లేదని నేనంటే, సారీ చెప్పి రాసుకెళ్లారండి."

"ఆయన వెనకాల ఎంతమంది వచ్చారు?"

"ఒక్కరేనండి. వానలో గొడుగేసుకుని నడిచొచ్చారు."

సభ ముక్తకంఠంతో ఆయన ఓడిపోతాడని తేల్చింది. కారు లేదు, దండ లేదు, పైగా సారీ చెప్పాడు.

ఏంజెల్ తెరలోంచి హాలంతా చూసింది. "రూతక్కా, నీ పక్కన మహబూబ్బీ అక్కే కదా? ఇంకా వెళ్లలేదా?"

రూతు తల అడ్డంగా ఊపింది. ఏంజెల్ మళ్లీ అధ్యక్షులవారి వైపు తిరిగింది.

"అంకుల్, నేను తప్పకుండా ఓటేస్తానండి. ఎవరికేశానో మాత్రం చెప్పను. మరి మన సమాఖ్యకు ఎలక్షన్ ఎప్పుడండి?"

వెనక వరసల్లో చప్పట్లు మోగాయి. కేకు తింటున్న సుందరరాజుగారికి పొలమారింది. బ్రిటన్‌కు అంత బోధించాక కాదనడం బాగుండదు. మంచినీళ్లు తాగి, ఎన్నిక ప్రకటించారు. ఆయనకు పోటీగా నిలబడమని కుర్రాళ్లు ఫయాజ్‌ను ముందుకు తోశారు. ఫయాజ్ కడప వాడు, ఒక కంపెనీలో డ్రైవరు, అరబీ ధారాళంగా మాట్లాడతాడు.

ఎన్నికను యువతకు మరింత చేరువ చేయాలని కమిటీ ఎంతో శ్రమించింది. శుక్రవారం అందరికీ సెలవు కాబట్టి, వాళ్ల విశ్రాంతికి భంగం కలగకుండా పోలింగును మంగళవారం పొద్దున పెట్టారు. సభ్యత్వ కార్డు ఉన్నవాళ్లకే ఓటు అన్నారు. కార్డులు ఇంకా అచ్చుకాలేదు. కమిటీవారివి మాత్రం అచ్చయ్యాయి. నియమాలు అందరికీ సమానమేనని ప్రసాద్‌గారు గ్రూపులో మూడు భాషల్లో ప్రకటించారు.

చిక్కల్లా ఒకటే. మహబూబ్బీకి కాన్సులేటులో దొరికిన సమయం కూడా ఆ మంగళవారమే. రూతు ఎంతో బతిమాలితే ఆసుపత్రిలో ఆ ఒక్కరోజు సెలవిచ్చారు.

"నువ్వు ఎలక్షన్ దగ్గరుండు ఫయాజ్," అంది రూతు. "నేను అక్కను ట్యాక్సీలో తీసుకెళ్తాను."

"నీకు అరబీ రాదు కదక్కా. ఆ కఫీల్‌తో ఎవరు మాట్లాడతారు?" అన్నాడు ఫయాజ్. "అయినా గెలిస్తే నేను చేసే పని కూడా ఇదే కదా. గెలవకుండానే చేసేస్తాం పాండి."

ముగ్గురూ వెళ్లారు. కాన్సులేటు అధికారి ఫోను చేస్తే కఫీల్ మొదట ఎత్తలేదు. ఎత్తాక, కొత్త పనిమనిషి దొరికేదాకా ఆగమన్నాడు. ఫయాజ్ ఫోను తీసుకుని అరబీలో ఏదో నెమ్మదిగా చెప్పాడు. తర్వాత కఫీల్ ఎగ్జిట్ వేస్తానన్నాడు, వేశాడు కూడా.

"ఏమి చెప్పినావు నాయనా?" అని అడిగింది మహబూబ్బీ.

"మీ అమ్మకు కడదాకా అన్నం తినిపించింది ఈమే. ఇప్పుడు ఈమె అమ్మ పిలుస్తోంది అని అన్నాను. అంతే."

కొన్నాళ్లకు రాయచోటి నుంచి రూతుకు ఫోనొచ్చింది. "మాయమ్మ నా మొగం తడిమి తడిమి చూసెనక్కా. చిక్కిపోయినావే అనె. కనపడినట్టే కదా?" అంటూ మహబూబ్బీ ఏడ్చింది. ఆసుపత్రి వరండాలో నిలబడి రూతూ ఏడ్చింది. బ్రిటన్‌లో పోలింగు రోజున ఏంజెల్ డ్యూటీ దిగి, వానలో నడిచివెళ్లి, ఓటు వేసి వచ్చింది. ఎవరికి వేసిందో ఈనాటికీ కమిటీకి అంతుచిక్కలేదు.

సమాఖ్య ఎన్నిక ప్రశాంతంగా ముగిసింది. పోలైన ఓట్లన్నీ సుందరరాజుగారికే పడ్డాయి. యువత ఒక్కరు కూడా పోలింగుకు రాకపోవడంపై ఆయన తీవ్ర ఆవేదన వ్యక్తం చేశారు. ఆ ఆవేదన మన పత్రికల్లో ఫోటోతో సహా వచ్చింది. ఆ కిందే, సమాఖ్య చొరవతో ఒక మహిళ స్వదేశం చేరిందన్న వార్త కూడా ఉంది.

మనమూ టీ తాగుతూ అది చదివాం. ఈ కాలం పిల్లలకు బాధ్యత లేదని ఇంట్లో అందరికీ వినబడేలా అన్నాం. కిందటి పోలింగుకు సెలవిస్తే, రాత్రికి రాత్రే బట్టలు సర్దుకుని మనం తిరుపతి వెళ్లిన సంగతి మాత్రం ఏ పత్రికా రాయలేదు.